ఆరో ఎక్కంలో లేని కథ

రెండు నెలల కిందట మా కథల గ్రూపులో ఒక కథ చదువుకున్నాం. రాసినాయన పేరు చెప్పను. నా తగాదా ఆయనతో కాదు, ఆ కథని అందరూ మెచ్చుకున్న తీరుతో. కథలో ఒక పెద్ద ల్యాబు, అందులో పొగరుబోతు సైంటిస్టు ఒకడు. ఓ అర్ధరాత్రి అతను నిపా వైరస్ జన్యువులో ‘ఒకే ఒక్క అక్షరం’ అదనంగా చేరుస్తాడు. దాంతో వైరస్ గాలిలో వ్యాపించడం నేర్చుకుంటుంది. ఊళ్లకి ఊళ్లు ఖాళీ అవుతాయి. ఆఖరి వాక్యంలో సైంటిస్టు కూతురు దగ్గుతుంది.

వచనం బాగుంది, ఒప్పుకోవాలి. ఖాళీ బస్టాండు వర్ణన నాకు ఇప్పటికీ గుర్తుంది. చదవడం అయ్యాక ఒకరు ఫ్రాంకెన్‌స్టైన్ అన్నారు. ఇంకొకరు భస్మాసురుడు అన్నారు. సైన్సు మీద కథ వచ్చినప్పుడల్లా మనవాళ్లలో ఎవరో ఒకరు భస్మాసురుణ్ణి పిలవకపోతే సభ ముగియదు. మరొకరు ‘ప్రకృతితో చెలగాటం’ అన్నారు. అందరూ తలలూపారు.

నేను ఒక లెక్క అడిగాను. మలేసియాలో దొరికిన నిపా వైరస్ జన్యువు పొడవు 18,246 అక్షరాలు. దానికి ఒకటి కలిపితే 18,247. అది ఆరో ఎక్కంలో రాదు. ఆరో ఎక్కంలో రాని నిపా జన్యువుకి నకళ్లు పుట్టవు. మరి కథ రెండో పేజీలోనే అయిపోవాలి కదా?

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత గ్రూపులో పెద్దాయన ఒకరు నవ్వి, “బాబూ, అది మెటఫర్. కథకి ఎక్కాలు అప్పజెబుతావేంటి?” అన్నారు. ఇంకొకరేమో, సాఫ్ట్‌వేర్ వాళ్లకి ప్రతిదీ బగ్గులాగే కనబడుతుందన్నారు. అందరూ నవ్వారు. టీ వచ్చింది. నేనూ తాగాను.

ఆ రోజు నోట్లో మిగిలిపోయింది ఇక్కడ చెబుతాను.

వరి మీద ఎవరైనా కథ రాసి, అందులో మే నెల ఎండలో, చుక్క నీళ్లు లేని మడిలో నాట్లు వేయించారనుకోండి. మెటఫర్ అని ఊరుకుంటామా? పల్లెటూరు మొహం చూడనివాడని ఏకిపారేస్తాం. పెళ్లి తంతులో ఏది ముందో ఏది వెనకో తప్పు రాస్తే ఫేస్‌బుక్కులో వారం రోజులు నడుస్తుంది. ఇంత పట్టుదల ఉన్న విమర్శ ల్యాబు గుమ్మం దగ్గరికి రాగానే చెప్పులు విప్పినట్టు బుద్ధి బయట విప్పేసి లోపలికి వెళ్తుంది. లోపల ఏముంటుందో మనకి ముందే తెలుసు: ఒక గాజు సీసా, సీసాలో భూతం, పక్కన పిచ్చివాడు. ఈ బొమ్మ తప్పు. తప్పని తెలుసుకోకపోవడం వల్ల మనం అడగాల్సిన ప్రశ్న అడగకుండా పోతున్నాం.

ముందు ఆరు సంగతి. నిపా జన్యువు డీఎన్‌ఏ కాదు, ఆర్‌ఎన్‌ఏ. అది ఎప్పుడూ ఒంటరిగా ఉండదు. ఎన్ అనే ప్రోటీన్ పూసల పేరులా దాని పొడవునా కప్పుకుని ఉంటుంది, ఒక్కో పూస సరిగ్గా ఆరు అక్షరాల మీద కూర్చుంటుంది. మొత్తం పొడవు ఆరుకి సరిపడకపోతే ఈ కూర్పు తేడా కొడుతుంది, నకలు తీసే యంత్రం పని సాగించదు. 1993లో జెనీవాలో ఇద్దరు పరిశోధకులు సెందాయ్ అనే ఎలుకల వైరస్‌లో ఈ సంగతి పట్టుకుని దానికి ‘రూల్ ఆఫ్ సిక్స్’ అని పేరు పెట్టారు. మన ఇళ్లల్లో అందరికీ తెలిసిన తట్టు వైరస్‌దీ ఇదే కుటుంబం. దాని పొడవు 15,894, భాగించి చూడండి. బంగ్లాదేశ్‌లో తిరిగే నిపా పొడవు 18,252. అంటే మలేసియా రకం కంటే సరిగ్గా ఆరు ఎక్కువ. ఎక్కడెక్కడో వేరుపడి, దేని దారి అది చూసుకున్న రెండు రకాల మధ్య తేడా కూడా ఆరే! ఇది మొదటిసారి చదివినప్పుడు నేను ఆఫీసు క్యాబ్‌లో ఉన్నాను. దిగాల్సిన చోటు దాటిపోయింది.

(ఎబోలా జన్యువు మొత్తం పొడవుకి ఈ షరతు లేదు. ఆయన కథలో నిపా బదులు ఎబోలా పెట్టి ఉంటే ఆ రోజు నేను నోరు మూసుకునేవాణ్ణి.)

మరి నిపాకి ఈ నియమం ఉందని ఎలా తెలిసింది? ఎవరో నిపాని సీసాల్లో పెంచి, అక్షరాలు కలుపుతూ తీస్తూ కూర్చున్నారా? లేదు. 2004లో అచ్చయిన ఆ ప్రయోగంలో బతికున్న నిపా వైరసే లేదు. వాళ్లు తయారుచేసుకున్నదాన్ని మినీజీనోమ్ అంటారు. జన్యువు రెండు కొసలూ ఉంచుతారు, ఎందుకంటే నకలు ఎక్కడ మొదలుపెట్టాలో ఎక్కడ ఆపాలో చెప్పే గుర్తులు అక్కడే ఉంటాయి. మధ్యలో ఉన్న వైరస్ జన్యువులన్నీ కోసి పారేస్తారు. వాటి స్థానంలో ఏ హానీ చేయని, కొలవడానికి వీలైన ఒక జన్యువు పెడతారు. ఇలాంటి పనుల్లో ఈమధ్య ఎక్కువగా వాడేది మిణుగురు పురుగు నుంచి తీసుకున్న లూసిఫెరేజ్. నకలు తీసే యంత్రానికి కావాల్సిన మూడు ప్రోటీన్లు, ఎన్, పీ, ఎల్, విడిగా వేరే డీఎన్‌ఏ ముక్కల రూపంలో అందిస్తారు. ఇవన్నీ కలిసి ఒక కణంలోకి వెళ్తే, యంత్రం ఆ పొట్టి జన్యువుని చూసి నిజం వైరస్సే అనుకుని నకళ్లు తీస్తుంది. ఎంత ఎక్కువ పనిచేస్తే అంత ఎక్కువ వెలుగు. పై కవచం ప్రోటీన్లు లేవు కాబట్టి అది ఆ కణం దాటి పక్క కణంలోకి కూడా పోలేదు, మనిషి దాకా ఎందుకు! ఇక ఒక్కో అక్షరం తేడాతో రకరకాల పొడవుల్లో ఇలాంటివి చేసి కొలిచారు. ఆరో ఎక్కంలో ఉన్నది పనిచేసింది, మిగతావి పనిచేయలేదు.

ఫ్రాంకెన్‌స్టైన్ పేరు ఎత్తినాయనకి ఇదే చెప్పాలనుకున్నాను. మేరీ షెల్లీ 1818లో రాసిన నవలలో విక్టర్ ముక్కలు ఏరుకొచ్చి కుట్టి ఒక మొత్తాన్ని లేపుతాడు. వీళ్ల పని తలకిందులు. మొత్తంలోంచి ముక్క విడదీసి, అది మళ్లీ ఎప్పటికీ మొత్తం కాకుండా కాపలా కాస్తారు. మనకి దగ్గర పోలిక కావాలంటే బాలనాగమ్మ కథలో ఉంది. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది కదా. ఫకీరు జోలికి పోకుండా చిలకని మాత్రం పట్టుకుని చూడటం అన్నమాట. భస్మాసురుడి కంటే ఈ కథ ఎంత నయం! కానీ మన విమర్శకి ఈ పోలిక తట్టదు, ఎందుకంటే అందులో శాపం లేదు, శిక్ష లేదు. ఓపిక మాత్రమే ఉంది.

నా రెండో ఫిర్యాదు ఇంకా ముఖ్యం. ఈ పద్ధతుల గురించి కాస్త తెలిసినవాళ్లు కూడా వీటిని ‘అసలుది దొరక్క వాడుకునే నకిలీ’ లాగా చూస్తారు. ఎవరికో భయపడి వాడే బొమ్మ తుపాకీ అన్నట్టు. నకలు తీయడం గురించి తెలుసుకోవాలంటే ఇది అసలుదాని కంటే మెరుగైన పనిముట్టు. ఎందుకో చెబుతాను.

1967లో జర్మనీలో మార్‌బుర్గ్ అనే యూనివర్సిటీ ఊళ్లో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో, యుగోస్లావియా బెల్‌గ్రేడ్‌లో ఒకేసారి కొందరు ల్యాబు పనివాళ్లు వింత జ్వరంతో పడ్డారు. టీకాల పని కోసం ఉగాండా నుంచి తెప్పించిన కోతుల రక్తం, అవయవాలు ముట్టుకున్నవాళ్లు, వాళ్లకి సేవ చేసినవాళ్లు. 31 మందికి సోకింది, 7 మంది చనిపోయారు. అప్పటిదాకా పేరులేని ఆ వైరస్‌కి ఆ ఊరి పేరే పెట్టారు. మూడు దశాబ్దాల తర్వాత, 1998-99లో, అదే ఊరి యూనివర్సిటీలో ఎల్కె మ్యూల్‌బెర్గర్, ఆమె సహచరులు మార్‌బుర్గ్ వైరస్‌కీ, దాని దాయాది ఎబోలాకీ మినీజీనోములు తయారుచేశారు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా బయటపడింది. మార్‌బుర్గ్ యంత్రానికి మూడు ప్రోటీన్లు చాలు. ఎబోలాకి నకలు తీయడానికి మూడు చాలుగానీ, జన్యువుని చదివి ప్రోటీన్ల కోసం సందేశాలు రాయడానికి వీపీ30 అనే నాలుగోది కూడా కావాలి.

ఇదే ప్రశ్న బతికున్న ఎబోలాని అడిగారనుకోండి. వీపీ30 తీసేస్తే వైరస్ పుట్టదు. అంతే జవాబు. ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలియదు. నకలు దగ్గరా, చదవడం దగ్గరా, బయటికి రావడం దగ్గరా? చచ్చిన వైరస్ సాక్ష్యం చెప్పదు. ప్రోగ్రాం మొత్తం క్రాష్ అయితే ఏ లైను తప్పో తెలియదు, ముక్కలు విడగొట్టి ఒక్కోదాన్ని విడిగా నడిపితేనే దొరుకుతుంది. నా మొదటి ఉద్యోగంలో ఒక మేనేజరు టైము లేదని సరాసరి కస్టమర్ల డేటా మీదే టెస్టు నడిపించాడు. ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పను, మూడు రోజులు ఇంటికి వెళ్లలేదని మాత్రం చెప్తాను. ‘అసలుదాని మీద చేస్తేనే అసలు పరీక్ష’ అనే మాట నేను అప్పట్నుంచి నమ్మను.

ఆ వీపీ30 సంగతి అక్కడితో ఆగలేదు. 2008లో కవఓకా బృందం ఎబోలా జన్యువులోంచి దాన్ని తీసేసి, ఆ ప్రోటీన్ విడిగా తయారుచేసే ప్రత్యేక కణాల్లో మాత్రమే పెరిగే వైరస్‌ని తయారుచేసింది. ఆ కణాలు కాక మామూలు కణాల్లో వేస్తే అది ముందుకు పోదు. తాళం ఒక చోట, తాళంచెవి వేరే చోట.

ఇప్పుడు మా మామయ్య గురించి. ఆయనది తెనాలి. 1994లో బస్సు ప్రమాదం జరిగినప్పుడు రక్తం ఎక్కించారు. ఇరవై ఏళ్ల తర్వాత ఏదో ఆపరేషన్ కోసం పరీక్షలు చేస్తే హెపటైటిస్ సి అని తేలింది. కాలేయం అప్పటికే గట్టిపడటం మొదలైంది. అత్తయ్య ముఖం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. 2016లో పన్నెండు వారాలు మాత్రలు వేసుకున్నాడు. ఆ తర్వాత పరీక్షలో వైరస్ లేదు. ఈరోజుకీ పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తాడు, వచ్చి వాట్సాప్ తెరుస్తాడు, వైరస్ ల్యాబులన్నీ తక్షణం మూసెయ్యాలనే వీడియో నాకు పంపిస్తాడు.

హెపటైటిస్ సి వైరస్‌ని 1989లో గుర్తించారు. కానీ ల్యాబులో పెంచుదామంటే పదేళ్లపాటు లొంగలేదు. పెరగనిదాని మీద మందులు పరీక్షించడం ఎలా? 1999లో జర్మనీలో మైన్స్‌లో లోమన్, బార్టెన్‌ష్లాగర్ బృందం ఒక ఉపాయం చేసింది. వైరస్ జన్యువులోంచి కవచం తయారుచేసే భాగం తీసేసి, ఆ చోట ఒక యాంటీబయాటిక్‌ని తట్టుకునే జన్యువు పెట్టారు. కాలేయ కణాల్లోకి పంపి, ఆ మందు పోశారు. లోపల ఆర్‌ఎన్‌ఏ తనని తాను నకలు తీసుకుంటున్న కణాలే బతికాయి. దీన్ని రెప్లికాన్ అంటారు. వైరస్ కాదు, బయటికి రాదు, ఎవరికీ అంటుకోదు. కానీ నకలు యంత్రం రాత్రింబవళ్లు తిరుగుతూ ఉంటుంది. కంపెనీలు వేలకొద్దీ రసాయనాల్ని దాని మీద వేసి, ఏది ఆ యంత్రాన్ని ఆపుతుందో చూశాయి. ఆ యంత్రానికి దొంగ అక్షరం అందించి గొంతులో అడ్డం పడేలా చేసే సోఫోస్బువిర్‌కి 2013 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. అక్కడ ఒక్క మాత్ర వెయ్యి డాలర్లు. మన దగ్గర హైదరాబాద్ కంపెనీలు హెటెరో, నాట్కో లాంటివి లైసెన్సు తీసుకుని చేశాయి కాబట్టి మామయ్య పొలం అమ్ముకోకుండా బయటపడ్డాడు. 2016లో లాస్కర్ అవార్డు బార్టెన్‌ష్లాగర్‌కీ, చార్లెస్ రైస్‌కీ, ఆ మందు తయారీలో ముఖ్యుడైన మైకేల్ సోఫియాకీ కలిపి ఇచ్చారు.

ఒకరోజు ఫోన్‌లో ఇదంతా చెబితే మామయ్య ఓపిగ్గా విని, “అయితే ఒరేయ్, నాలో ఉన్న వైరస్‌ని వాళ్లు ముట్టుకోలేదంటావా?” అన్నాడు. దాన్ని కాదు, అది నకలు తీసుకునే పద్ధతిని ముట్టుకున్నారు అన్నాను. వీడియోలు ఆగలేదనుకోండి.

ఇంతవరకూ చదివి, ఇతను ల్యాబుల తరఫున వకాల్తా పుచ్చుకున్నాడని మీరు అనుకోవచ్చు. కాదు. భయపడటం తప్పని నేను అనడం లేదు. 2003లో సార్స్ మహమ్మారి అణగిపోయాక అదే వైరస్ సింగపూర్, తైవాన్, బీజింగ్ ల్యాబుల్లోంచి పరిశోధకులకి సోకింది. బీజింగ్‌లో ల్యాబు బయటివాళ్లకి కూడా పాకింది. 2004లో రష్యాలో ఒక పరిశోధకురాలు ఎబోలా ఉన్న సూది గుచ్చుకుని చనిపోయింది. ఇవన్నీ బతికున్న వైరస్‌తో జరిగినవి. అందుకే ‘సైన్స్‌ని ప్రశ్నించకూడదు’ అనే బ్యాచ్‌తో కూడా నాకు పేచీ ఉంది. కోవిడ్ తర్వాత వీళ్లు మరీ పెరిగారు. ‘సేఫ్ సిస్టమ్’ అనే రెండు మాటలు వినబడితే చాలు, ఇంక అడగడానికి ఏమీ లేదంటారు. గది నంబరుని బట్టి సేఫ్ అవ్వదు. ఏం తీసేశారు, తీసేసింది తిరిగి చేరే వీలుందా లేదా అన్నదాన్ని బట్టి అవుతుంది. మన దేశంలో 1989 నియమాల ప్రకారం ఇలాంటి పని చేసే ప్రతి సంస్థలో బయోసేఫ్టీ కమిటీ ఉండాలి. ఆ కమిటీ ముందు పెట్టాల్సిన ప్రశ్న అదే.

పైగా మినీజీనోమ్‌కి తెలియని సంగతులు బోలెడు. దానికి రోగనిరోధక శక్తి తెలియదు, మెదడు వాపు తెలియదు, గబ్బిలం తెలియదు. రెమ్‌డెసివిర్ అనే మందు ఎబోలా నకలు యంత్రాన్ని ఆపుతుంది, కోతుల్ని కూడా కాపాడింది. కానీ 2018-19లో కాంగోలో రోగుల మీద పోల్చి చూస్తే రెండు యాంటీబాడీ మందుల ముందు ఓడిపోయింది. యంత్రాన్ని ఆపడం వేరు, మనిషిని బతికించడం వేరు. ఏదో ఒక మెట్టు దగ్గర అసలు వైరస్ కావాలి. ఒంటి నిండా గాలి నింపిన సూటు, బయటికి వచ్చేటప్పుడు మందునీళ్ల స్నానం, ఆ నాలుగో స్థాయి ల్యాబు కావాలి. మన దేశంలో అలాంటిది మొదటిది పుణె వైరాలజీ సంస్థలో 2012లో వచ్చింది. 2018లో కోళికోడ్‌లో నిపా వచ్చి 17 మంది పోయినప్పుడు, రోగికి సేవ చేస్తూ లిని అనే నర్సు పోయినప్పుడు, మణిపాల్‌లో గుర్తించిన వైరస్‌ని ఖాయం చేసింది ఆ పుణె సంస్థే. దాన్ని మూసెయ్యమనేవాళ్లు ఆ వారం ఎక్కడున్నారో నాకు తెలియదు.

కాబట్టి ల్యాబు ఉండాలా వద్దా అనేది పిల్లకాయల ప్రశ్న. ఈ ఫలానా సంగతి తెలుసుకోవడానికి బతికున్న వైరస్ నిజంగా కావాలా, అని అడగాలి. ప్రతి ప్రయోగానికీ విడిగా, ముందుగా. కావాలి అనేవాడే రుజువు చూపించాలి. నకలు యంత్రం గురించిన ప్రశ్నల్లో చాలా వాటికి అక్కర్లేదనే జవాబు వస్తుంది. అక్కర్లేదని తేలినవి రెండో స్థాయి గదిలో, అనుమతులు ఉంటే, మన వరంగల్లోనో తిరుపతిలోనో పీహెచ్‌డీ చేసే అమ్మాయి కూడా చేయగలదు. నిపాకి ఇప్పటికీ ఆమోదం పొందిన మందు లేదు, టీకా లేదు. ఆ యంత్రం మీద పని చేయడానికి పుణె సూటు కోసం వరసలో నిలబడక్కర్లేదు అన్నది చిన్న విషయం కాదు. మన సాహిత్యం ఆ అమ్మాయిని ఒక్కసారి కూడా చూడలేదు. మనకి పొగరుబోతు సైంటిస్టే కావాలి.

ఇంకోటి. ఆ కథలో నిపా ల్యాబులోంచి వచ్చింది. లోకంలో అది 1998-99లో మలేసియా పందుల కొట్టాల్లోంచి వచ్చింది. 105 మంది పోయారు, పది లక్షలకు పైగా పందుల్ని చంపేశారు. సుంగై నిపా అనే ఊరి పేరు వైరస్‌కి మిగిలింది. బంగ్లాదేశ్‌లో చలికాలం తెల్లవారుజామున తాగే పచ్చి రసం కుండల్లోంచి వస్తుంది. రాత్రి గబ్బిలాలు వచ్చి ఆ రసం నాకుతాయి, అందులోనే ఉచ్చ పోస్తాయి. వాళ్లు ఖర్జూరం అనే ఆ చెట్టు వేరేదేం కాదు, మన ఈత చెట్టే. కుండ దగ్గర వెదురు తడక కడితే గబ్బిలం రాదు. జాషువా చేత రాయబారం మోసిన పిట్టకి ఇలాంటి పాత్ర కూడా ఉందని రాయగలిగే కథకుడు మనకి ఉన్నాడా? ఉంటే నేను మొదటి పాఠకుణ్ణి. ల్యాబు అర్ధరాత్రి కంటే ఆ తెల్లవారుజాము నన్ను ఎక్కువ భయపెడుతుంది.

పోయిన వారం ఆ కథకుడే ఫోన్ చేశారు. గ్రూపులో మాట్లాడని మనిషి, నంబరు ఎవరి దగ్గరో తీసుకున్నారట. “మీరన్నది వెతికి చూశానండీ, నిజమే,” అన్నారు. తర్వాత కాస్త తటపటాయించి, “ఒకటి కాకుండా ఆరు అక్షరాలు కలిపిస్తే సరిపోతుందా?” అని అడిగారు.

నాకు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు. పొడవు లెక్క కుదురుతుంది, నకళ్లు పుట్టొచ్చు అన్నాను. అది గాలిలో వ్యాపిస్తుందా లేదా అన్నది మాత్రం మినీజీనోమ్ చెప్పలేదు, అది తెలియాలంటే బతికున్నదాన్ని తయారుచేసే చూడాలి. 2011లో బర్డ్ ఫ్లూ వైరస్‌ని ఫెర్రెట్లలో గాలి ద్వారా పాకేలా మార్చింది ఇలాంటి ప్రశ్న కోసమే, ఆ గొడవ ముదిరి 2014లో అమెరికా అలాంటి పనులకి డబ్బు ఆపేసి, 2017 చివర్లో మళ్లీ షరతులతో వదిలింది. మీ సైంటిస్టు ఆ గుమ్మం దగ్గర నిలబడ్డాడన్నమాట, చెయ్యాలా వద్దా అని. అతను పిచ్చివాడు కాకపోతే ఏం చేస్తాడు?

అవతల చాలాసేపు చప్పుడు లేదు. బస్సు హారన్ వినబడింది. “కూతురు దగ్గడం తీసెయ్యాలేమోనండీ,” అన్నారు. వచ్చే నెల మార్చిన కథ పట్టుకొస్తారట.